ఇన్వర్టరు ఐదు శ్రుతి

"బాబు వయసెంత సార్?"

పందొమ్మిది రోజుల్లో ఈ వ్యాసకర్త ఈ ప్రశ్న పదకొండు సార్లు విన్నాడు. అడిగే గొంతు మారుతుంది, వెనకాల వినపడే గోల మాత్రం మారదు. ఆన్‌లైన్లో గిటారు నేర్పుతామనే ఒక సంస్థకి, అర్ధరాత్రి నిద్రపట్టక, ఫోన్ నంబరు ఇచ్చిన పాపానికి పడిన శిక్ష ఇది. మొదట్లో "బాబు కాదమ్మా, నేర్చుకునేది నేనే" అని సంజాయిషీ చెప్పుకునేవాడు. అవతల కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాత "పర్లేదు సార్" అంటారు. పరామర్శకి వచ్చినవాళ్ళు అనే పర్లేదు అది. నాలుగో ఫోనుకి విసుగెత్తి "బాబుకి నలభై ఆరు" అనేశాడు. ఆ అమ్మాయి తొణకలేదు, బెణకలేదు. రాసుకుంది. "డెమో క్లాసులో పేరెంట్ ఒకరు పక్కనే కూర్చోవాలి సార్, తప్పనిసరి" అంది.

కూర్చున్నారు. ఆదివారం ఉదయం పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు బాబు, బాబు పక్కన ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని డెబ్భై మూడేళ్ళ తల్లి. తెర మీద ప్రత్యక్షమైన గురువుకి ఇరవై రెండేళ్ళుంటాయి. "ఆంటీ, మీ అబ్బాయి రోజూ ప్రాక్టీస్ చేస్తాడా?" అనడిగాడు. తెర మీద బాబు బట్టతల స్పష్టంగా కనపడుతూనే ఉంది. కంపెనీ ఇచ్చిన ప్రశ్నల కాగితాన్ని దాటే అధికారం పాపం ఆ కుర్రాడికి లేదు. "చిన్నప్పుడు ఎక్కాలకే కూచునేవాడు కాదు నాయనా" అంది తల్లి, ఈనె తీస్తూ. అరగంట డెమోలో గురువు ఒక తీగని నాలుగుసార్లు మీటి చూపించాడు. తక్కిన కాలమంతా ఇరవై నాలుగు క్లాసుల ప్యాకేజీ, నలభై ఎనిమిది క్లాసుల ప్యాకేజీ, తొంభై ఆరు క్లాసుల ప్యాకేజీ, ఈ రాత్రి పన్నెండు దాటితే పోయే డిస్కౌంటు. పన్నెండు దాటింది. డిస్కౌంటు పోలేదు. ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, పోలేదని చెబుతూనే ఉన్నారు.

గిటారు ఎందుకు కొన్నాడని మాత్రం అడక్కండి. నలభై దాటాక కొందరు సైకిల్ కొంటారు, కొందరు ఊళ్ళో ఎకరం కొంటారు. ఇది వాటికంటే చవక.

గిటార్లు చేసే ఫెండర్ కంపెనీకి అధిపతిగా ఉన్న ఆండీ మూనీ ఒక లెక్క చెప్పేవాడు. కొత్తగా గిటారు పట్టినవాళ్ళలో నూటికి తొంభై మంది ఏడాది తిరక్కుండానే వదిలేస్తారట. ఆ తొంభైలో కొందరినైనా నిలుపుకుందామని 2017లో ఫెండర్ ప్లే పేరుతో ఆ కంపెనీ సొంతంగా పాఠాలే మొదలెట్టింది. లెక్క బాగానే ఉంది కానీ, ఎలా నేర్చుకోవాలో తేలక గిటారు సంచీ జిప్పు కూడా తియ్యనివాళ్ళు అందులో ఏ ఖాతా కిందికి వస్తారో మూనీగారు చెప్పలేదు. ఈ వ్యాసకర్త ఆ ఖాతా. పందొమ్మిది రోజులుగా గిటారు పడగ్గది తలుపు వెనకే ఉంది. దాని మెడకి శ్రీమతి చున్నీ వేలాడుతోంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. బియ్యం ధరతో పాటు రోజులు కూడా పెరిగాయి. 1957లో బర్ట్ వీడన్ అనే ఇంగ్లిష్ గిటారిస్టు అచ్చేసిన పాఠాల పుస్తకం పేరు 'ప్లే ఇన్ ఎ డే'. ఒక్కరోజు! ఎరిక్ క్లాప్టన్, పాల్ మెకార్ట్నీ, బ్రయాన్ మే అంతటివాళ్ళు కుర్రతనంలో ఆ పుస్తకం ముందేసుకుని కూచున్నవాళ్ళే. ఇప్పుడు యూట్యూబులో అదే విద్య ఏడు రోజులు, ఇరవై ఒక్క రోజులు, ముప్పై రోజులు. ఒకాయన వంద రోజులన్నాడు. నిజం చెప్పేవాడిలా ఉన్నాడని భయపడి వ్యాసకర్త ఆయన్ని వదిలేశాడు.

యూట్యూబుతో అసలు పేచీ రోజుల సంగతి కాదు. అక్కడ ప్రతి గురువూ తిట్టుతోనే మొదలెడతాడు. 'మీరు చేస్తున్న ఐదు తప్పులు', 'ఇలా మాత్రం నేర్చుకోకండి', 'నేను ఐదేళ్ళు వృథా చేసుకున్నాను, మీరూ చేసుకోకండి.' ఇంకా గిటారు ముట్టుకోలేదు మహాప్రభో, తప్పు చేసే అర్హతైనా సంపాదించుకోనివ్వరా? పోనీ తప్పుల్లోనైనా ఏకాభిప్రాయం ఉందా అంటే, అదీ లేదు. ముందు ఏ, డీ కార్డులు పట్టమంటాడొకడు. రెండు వేళ్ళతో తేలిపోతుంది, ఈ మైనర్ పట్టమంటాడు ఇంకొకడు. కార్డుల జోలికే పోవద్దు, మొదటి తీగ మీద మూడు స్వరాలు నొటేషన్ చూసి వాయించమంటాడు సంప్రదాయవాది. పిక్‌తో మీటమనే వర్గం, వేళ్ళతోనే మీటాలనే వర్గం. నైలాన్ తీగలు, స్టీలు తీగలు. ఆరు తీగల మీద ఇన్ని మఠాలా! ఇంతమందిలో టాస్మేనియాలో పుట్టిన జస్టిన్ శాండర్కో ఒక్కడే కాస్త నిదానస్తుడు. 2003 నుంచి నెట్‌లో వరసగా పాఠాలు పెడుతున్నాడు, అదీ ఉచితంగా. అయితే ఉచితంగా వచ్చిన విద్య మీద మనకి గౌరవం ఉండదు కదా. వ్యాసకర్త ఆయన పాఠాలన్నీ ఫోన్లో సేవ్ చేసి పెట్టుకున్నాడు. ఇంట్లో భారతం పద్దెనిమిది పర్వాలూ కూడా ఇలాగే ఉన్నాయి.

"మాకివన్నీ ఏవిటిరా?" అంది తల్లి. ఆవిడ పెళ్ళికి ముందు గీతాల దాకా నేర్చుకుంది. కర్ణాటక సంగీతంలో ఈ గొడవ లేని మాట నిజమే. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆపైన గీతాలు. పురందరదాసు వేశాడని చెప్పే బాట. ఆయన పోయి నాలుగొందల యాభై ఏళ్ళు దాటింది, సిలబస్ మారలేదు, మార్చమని ధర్నా చేసినవాడూ లేడు. సరళీ స్వరాల్లోని ఐదు తప్పుల గురించి ఎవరూ వీడియో పెట్టినట్టు లేదు. లేదా పెట్టేశారేమో, వెతకడానికి ధైర్యం చాలలేదు.

ఇక ఇరవయ్యో రోజున చున్నీ తీసి, గిటారు బయటికి లాగిన తర్వాత జరిగిన కథ చెప్పాలి. దీనికీ గిటారు నేర్చుకునే పద్ధతికీ పెద్దగా సంబంధం లేదు. అయినా మూడు సాయంత్రాలు పోయాయి కాబట్టి పాఠకుడు కూడా కొంత భరించాలి.

గిటారు పెట్టెలోంచి తీసేసరికి శ్రుతిలో ఉండదు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఏ, డీ, జీ, బీ, మళ్ళీ ఈ అని కట్టుకోవాలి. దానికో యాప్ ఉంది. ఫోన్ మైకు ముందు తీగ మీటితే ముల్లు కదిలి, తక్కువో ఎక్కువో చెబుతుంది. మనవాడు లావు తీగ మీటాడు. అదే క్షణాన వంటింట్లో మిక్సీ తిరిగింది. ముల్లు తీగని వదిలేసి మిక్సీ వెంట పడింది. మిక్సీ కూడా తక్కువది కాదు. ఖాళీగా తిరిగినప్పుడు పైస్థాయిలో ఉంటుంది. పల్లీలు పడగానే గొంతు దిగుతుంది, అవి నలిగే కొద్దీ మెల్లగా పైకి పాకుతుంది. పాకేటప్పుడు ఏ మెట్టు మీదా నిలబడదు. గమకం అంటే అదే! మెట్లు బిగించిన గిటారు మీద ఏళ్ళ తరబడి తీగ లాగి సాధించాల్సింది, కొబ్బరి పచ్చడి అరనిమిషంలో పలికించేసింది.

ఇక ఆశ ఆగదు కదా. కుక్కరు విజిల్, ఫ్రిజ్, సీలింగ్ ఫ్యాను, కింద కూరగాయల బండివాడి మైకు, అన్నింటి ముందూ ఫోన్ పట్టుకుని తిరిగాడు. కుక్కరు ఏ రెండు విజిళ్ళూ ఒక శ్రుతిలో వెయ్యదని తేలింది. నిలకడైన విద్వాంసుడు ఇంట్లో ఒక్కడే దొరికాడు. హాలు మూలనున్న పాత ఇన్వర్టరు. ఎప్పుడు పెట్టి చూసినా జీ అంటుంది, జీ మీద పిసరంత ఎక్కువ. ఎందుకిలా అని కూతురు లెక్క వేసి పెట్టింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లోని ఇనప రేకులు ఒక్కో ఊపుకి రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. మొత్తం 100 కంపనాలు. జీ స్వరం కంపనాలు 98. అంటే ఇన్వర్టరు జీ కంటే స్వరస్థానంలో మూడో వంతు పైన పలుకుతోందన్నమాట.

"జీ అంటే మన లెక్కలో ఎంతరా?" అంది తల్లి.

"ఐదు శ్రుతి అమ్మా."

"నాదీ ఐదేగా! అందుకే ఆ మూల కూచుని సహస్రనామం చదువుకుంటే హాయిగా ఉంటుంది." కళ్ళు మూసుకుని ఓసారి స, ప పట్టి చూసింది. "కాస్త హెచ్చుగా ఉంది. మెకానిక్ వచ్చినప్పుడు చెప్పు."

ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ వెళ్ళింది. "బావా, మీటింగ్‌లో ఉన్నా" అన్నాడతను. మీటింగ్ ఎటూ పోదు, ముందు మీ ఇంట్లో కరెంటు ఏ స్వరమో తేలాలి అన్నాడు బావ. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, రెండింతలు చేస్తే 120. ఏ షార్ప్ 116న్నర, బీ 123న్నర. ఆ 120 అటు ఏ షార్ప్‌కీ చెందకుండా, ఇటు బీకీ చెందకుండా, సరిగ్గా నడుమ వేలాడుతోంది. పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డవాడి ఇంటికి ఇంతకంటే తగిన శ్రుతి దొరకదు. ఈ మాట అతనితో అన్నందుకు శ్రీమతి రెండు రోజులు మాట్లాడలేదు.

చివరికి తేలిన సంగతేమిటంటే, గిటారు తలకి క్లిప్పులా పెట్టుకునే ట్యూనర్ ఒకటి బజార్లో దొరుకుతుంది. అది గాలిలోంచి వినదు, కర్ర అదురుని బట్టి స్వరం చెబుతుంది. మిక్సీని లెక్కచెయ్యదు. ఆ ముక్క ఏ వీడియోలోనైనా మొదటి నిమిషంలో చెప్పి ఉంటే ఈ పరిశోధన తప్పేది. చెప్పలేదు. వాళ్ళు ఐదు తప్పుల గురించి చెప్పడంలో తీరిక లేకుండా ఉన్నారు.

యాప్ కాదు, వీడియో కాదు, మనిషి దగ్గరే నేర్చుకుందామని మెయిన్ రోడ్డు మీద ఒక మ్యూజిక్ స్కూలుకి కూడా వెళ్ళాడు. గోడ నిండా సర్టిఫికెట్లు. లండన్ ట్రినిటీ వాళ్ళ పరీక్షలు ఇనీషియల్‌తో మొదలై ఎనిమిదో గ్రేడు దాకా, రాక్‌స్కూల్ వాళ్ళవి డెబ్యూతో మొదలై అవీ ఎనిమిది దాకా. "ఏ బోర్డు సార్?" అనడిగింది రిసెప్షన్లో అమ్మాయి. ఇంటరు తర్వాత ఈ మాట మళ్ళీ వినవలసి వస్తుందని ఎవరనుకున్నారు! ట్రయల్ క్లాసులో పక్క కుర్చీ పాపకి ఏడేళ్ళుంటాయి. "అంకుల్, మీ బొటనవేలు పైకొచ్చేసింది" అంది. సర్దుకున్నాడు. "మళ్ళీ వచ్చేసింది" అంది. ఆ పాపకి ఎఫ్ కార్డు వచ్చు. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కే పట్టు అది. కొత్తవాళ్ళలో చాలామంది అక్కడే గిటారుకి దణ్ణం పెట్టేస్తారు. మనవాడు నొక్కితే ఆరు తీగల్లో రెండు పలికాయి, తక్కినవి గొంతు పట్టేసినవాడిలా గురగురమన్నాయి. వేళ్ళు నొప్పి అందామంటే మొహం చెల్లదు. బ్లాక్ సబ్బాత్ బ్యాండు టోనీ అయోమీ పదిహేడో ఏట ఫ్యాక్టరీ మిషన్లో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మరీ వాయించాడు. నిరీక్షణలో కళ్ళు కాయలు కాయడం మనకి తెలుసు. గిటారుకి వేళ్ళు కాయాలి.

ఈ పద్ధతుల వేటలోనే ఒక చిన్న సంగతి కంటపడింది. కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు తమకి బీ సెవెన్ అనే కార్డు రాదని, లివర్‌పూల్‌లో అవతలి కొసన ఎవరికో వచ్చని తెలిసి, బస్సెక్కి వెళ్ళి నేర్చుకొచ్చామని పాల్ మెకార్ట్నీ పెద్దయ్యాక చెప్పుకునేవాడు. ఒక్క కార్డు కోసం బస్సు ప్రయాణం. అతని జోడీ జాన్ లెనన్‌కి మొదట్లో తెలిసినవి వాళ్ళమ్మ జూలియా చూపించిన బాంజో పట్లే. అమ్మకి బాంజో వచ్చు, కాబట్టి అబ్బాయి గిటారుని కూడా బాంజోలాగే వాయించాడు. ఈ రెండూ ఏ 'తప్పుల' వీడియోలో అయినా మొదటి రెండు తప్పులుగా చేరతాయి.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కి సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీదికి దింపుకునేవాడు. ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతం అంతకుముందు సాగిన దారి లేదు. గురువుకి వాద్యం రాదని డెమో క్లాసులోనే తెలిస్తే ఈ రోజుల్లో డబ్బు వాపసు అడుగుతాం. ఆ పిల్లాడు పదేళ్ళు నిండకముందే కచేరీలకెక్కి, ప్రపంచమంతా తిరిగి వాయించి, 2014లో నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఈ వ్యాసకర్తకి నలభై ఆరు. ఇంకా పద్ధతి ఎంచుకుంటున్నాడు.

ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఈసారి ఎవరికీ ఫోన్ నంబరు ఇవ్వలేదు. తణుకులో బడిపంతులుగా చేసిన తండ్రి గుర్తొచ్చాడు. ఆయన దగ్గర ఒక బుల్‌బుల్ ఉండేది. టైపు మిషన్ మీటల్లాంటి మీటలు ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో తీగలు మీటే పొడుగాటి పెట్టె. 1912 ప్రాంతంలో జపాన్‌లో పుట్టిన వాద్యానికి మన దేశపు చుట్టం. ఎవరి దగ్గర కొన్నాడో తెలియదు. నేర్పినవాళ్ళు లేరు. మీటల మీద బాల్‌పెన్నుతో స రి గ మ అని తనే రాసుకున్నాడు. వేసవిలో కరెంటు పోయిన సాయంత్రాలు అరుగు మీద కూచుని ఒకే పాత సినిమా పాట వాయించేవాడు. రెండో చరణం దగ్గర ఎప్పుడూ ఒకేచోట ఆగిపోయేవాడు. ఆగి, కాసేపు వెతుక్కుని, దొరక్క మళ్ళీ పల్లవికి వచ్చేవాడు. లోపల పిల్లలు నోటికి గుడ్డలడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. అక్క ఒక్కతే ఆ తప్పిపోయిన ముక్కని గుమ్మంలోంచి పాడి వినిపించేది. ఆయన తలాడించి మళ్ళీ అక్కడే ఆగేవాడు. ఆ పెట్టెని ఇల్లు మారినప్పుడు పాత సామాన్లవాడికి వేసేశారు. ఎంతకి వేశారో కూడా ఎవరికీ గుర్తులేదు. ఎలా నేర్చుకున్నావు నాన్నా అని ఒక్కరూ ఆయన్ని అడగలేదు.

మర్నాడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒక మాట చెప్పాడు. "వెనకవీధి చర్చిలో వాయించే సారున్నాడు సార్, ఇంటికొచ్చి చెప్తాడు." వచ్చాడు. యాభై దాటిన మనిషి, స్కూటర్ మీద, వీపున గిటారుతో. బోర్డు ఏదని అడగలేదు, వయసు అడగలేదు. గిటారు తీసి, చెవితోనే నిమిషంలో శ్రుతి చేశాడు. ఇన్వర్టరు గొణుగుతూనే ఉంది, ఆయన పట్టించుకోలేదు. ఎడమచేతి గోళ్ళు చూసి, "మంగళవారానికి తీసెయ్యండి సార్" అన్నాడు. తర్వాత ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. "ఏం పాట వాయించాలనుంది?"

వ్యాసకర్త ఆ పాత సినిమా పాట పేరు చెప్పాడు. వంటింట్లో చిక్కుడుకాయల చప్పుడు కాసేపు ఆగింది. మాస్టారు కరెంటు బిల్లు వెనక మూడు అక్షరాలు రాసిచ్చాడు. జీ, సీ, డీ. "రెండో చరణంలో ఒకచోట ఈ మైనర్ పడుతుంది, అది తర్వాత చూద్దాం" అన్నాడు.

ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. "బాబు ట్యూషన్లో ఉన్నాడమ్మా" అని తల్లే చెప్పి పెట్టేస్తోంది. క్లాసులు మంగళ, శుక్రవారాలు, సాయంత్రం ఏడింటికి. జీ నుంచి సీకి వేళ్ళు మారడానికి ఇవాళ్టికి నాలుగు సెకన్లు పడుతోంది.